అంజయ్య కట్టిన పల్లకి పాట

అశోక్‌నగర్‌లో మా వీధి మలుపున ఉన్న జిరాక్స్ దుకాణం ముందు పింఛను కాగితాలు పట్టుకుని నిలబడి ఉన్నాను. వేడెక్కిన యంత్రం నుంచి కాగితం కాలినట్టు వాసన వస్తోంది. నా ముందు పోటీ పరీక్షలకు చదివే పిల్లల వరుస. అందులో ఒక అమ్మాయి ఫోను తెరిచింది. 'ఎవరి బరువో ఎత్తినాము, ఎవరి ఊరో ఎరగము' అని ఎవరో పాడుతున్నారు. నా చేతిలోని కాగితాలు జారిపోయాయి. నలభై ఏళ్ల కిందట చిక్కడపల్లిలో నాటకం వేస్తూ నేను పాడిన పాట అది. 'గవ్వల పల్లకి' అనే సంగీత నాటకంలో పల్లకి మోసే బోయీల పాట. గొంతు కొత్తది, వాద్యాలు కొత్తవి, బాణీ మాత్రం అదే. మూడో పాదం దాకా అదే. మూడో పాదం తర్వాత ఒక ఆగుడు ఉండాలి. అడుగు తీసి అడుగు వేసేంత సేపు అంతా నిశ్శబ్దం కావాలి. అక్కడ వీళ్లు డప్పులూ వయొలిన్లూ కుమ్మరించి పూడ్చేశారు.

"ఇదెవరి పాటమ్మా?" అని అడిగాను.

"ఏమో అంకుల్, రీల్‌ల వచ్చింది. మస్తున్నది కదా!" అంటూ తెర నా వైపు తిప్పింది. పాట కింద చిన్న అక్షరాలతో 'సంప్రదాయ బాణీ' అని ఉంది.

"సంప్రదాయమా? ఎవడు చెప్పాడు సంప్రదాయమని? దానికి మనిషున్నాడు. పేరుంది!"

నా అరుపుకు వరుసంతా వెనక్కి తిరిగింది. ఆ అమ్మాయి బెదరలేదు. "నేను గ్రూప్ టూకి చదువుతున్న అంకుల్. పాట నేను రాయలే, నా మీద గరం కాకుండ్రి" అంది. అందరూ నవ్వారు. జిరాక్స్ అతను నా కాగితాలు ఏరి ఇస్తూ, "సార్, జర కూసోండ్రి, నీళ్లు తాగుతరా?" అన్నాడు. నేను కూర్చోలేదు. ఆ రీలు ఎవరు పెట్టారో ఆ అమ్మాయి చేతనే వెతికించుకుని, ఆ కోపం మీదే చిక్కడపల్లికి నడిచాను.

పాత నాటకాల పాటలు సేకరించి పుస్తకం వేస్తున్న ఒక సాంస్కృతిక సంస్థ వాళ్లది ఆ పని. మార్కెట్ పక్క సందులో, మేడ మీద రెండు గదుల ఆఫీసు. పుస్తకం పని చూస్తున్న అమ్మాయి పేరు సరిత. నేను పేరు చెప్పగానే లేచి నిలబడింది. "సార్, మీకోసమే వెతుకుతున్నం! మీ ఫొటో కూడ వేస్తున్నం పుస్తకంల" అంది. నేను ఆ మర్యాదకు కరగలేదు. చదువుకున్న వాళ్లు చేయాల్సిన పనేనా ఇది, ఒక మనిషి కట్టిన బాణీని ఊరుమ్మడి చేస్తారా, అడగడానికి నోరు లేదా అని గట్టిగానే అన్నాను. ఆమె అంతా విని, బీరువాలోంచి ప్లాస్టిక్ కవరులో పెట్టిన పసుపు రంగు కాగితం ఒకటి తెచ్చి నా ముందు పెట్టింది.

"మేం ఊరికెనే వెయ్యలే సార్. మా దగ్గర కరపత్రమున్నది. చూడుండ్రి."

చూశాను. నాటకం పేరు. రచన, దర్శకత్వం కింద మా నాటక సమాజం అధ్యక్షుల పేరు, పెద్ద అక్షరాల్లో. పల్లకి పాట గానం కింద నా పేరు. దాని కింద 'సంప్రదాయ బాణీ'. అన్నిటికీ అడుగున 'ఇట్లు, కార్యదర్శి' అని మళ్లీ నా పేరు. ఆ కరపత్రం రాసింది నేను. నారాయణగూడ ప్రెస్సుకు తీసుకెళ్లి అచ్చు వేయించింది నేను. 'సంప్రదాయ బాణీ' అన్న రెండు మాటలు నావి.

ఆ గదిలో, ఆ అమ్మాయి ముందు, ఆ మాట అప్పుడే ఒప్పుకుని ఉండాల్సింది. పది నిమిషాలుగా ఆమెను తిట్టిన నోటితో 'ఈ అబద్ధం నాది' అని ఒక్క వాక్యం చెప్పలేకపోయాను. "కరపత్రంలో పొరపాటు పడింది. ఆ బాణీ అంజయ్య అనే ఆయనది" అని మాత్రం అన్నాను. పొరపాటు పడిందట! ఆకాశం నుంచి పడ్డట్టు! ఆమె నోట్ చేసుకుంది. "సార్, అచ్చుల ఉన్నదాన్ని కాదనాలంటే ఏదన్న ఆధారం కావాలె. వారంల పుస్తకం ప్రెస్సుకు పోతున్నది. ఏం లేకుంటే, 'బాణీ అంజయ్యదని కొందరి అభిప్రాయం' అని కింద వేస్తం" అంది. కొందరి అభిప్రాయం! మండిపోయింది నాకు. కానీ ఈసారి ఆ మంట ఎవరి మీద చూపాలో తెలియక మెట్లు దిగి వచ్చేశాను.

అంజయ్యను మీరెవరూ చూసి ఉండరు. చూసి ఉన్నా గుర్తుపట్టి ఉండరు. పాలమూరు జిల్లా నుంచి వచ్చి ముషీరాబాద్ బస్తీలో కాపురం పెట్టిన మేస్త్రి ఆయన. పొట్టి మనిషి, వెడల్పు భుజాలు, వేళ్లు సిమెంటు తిని పగిలి ఉండేవి. నేను బషీర్‌బాగ్‌లో ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా చేరిన కొత్త. సాయంత్రాలు చిక్కడపల్లిలో మా నాటక సమాజం రిహార్సళ్లు. ఒక ఇంటి వెనక రేకుల గదిలో జరిగేవి. వానాకాలం ముందు ఆ గది పైకప్పు బాగుచేయడానికి వచ్చాడు అంజయ్య. కింద మేం పల్లకి పాట సాధన చేస్తున్నాం. బరువు మోస్తున్న బోయీలకు తాము ఎవరిని మోస్తున్నారో తెలియదు. అదీ ఆ సన్నివేశం. అధ్యక్షులు గారు దానికి ఒక గంభీరమైన రాగం చెప్పారు. నేను కళ్లు మూసుకుని, గాలిలో చేయి తిప్పుతూ, గమకాలు వేస్తూ పాడుతున్నాను. పైనుంచి గొంతు వినిపించింది.

"సారూ, గా పల్లకి మొయ్యనీకి ఎవలన్న ఉన్నరా, లేకుంటే అదే ఎగురుకుంట పోతున్నదా?"

అందరూ పైకి చూశారు. రేకుల సందులోంచి ఆయన తల కనిపిస్తోంది. అధ్యక్షులు గారికి కోపం వచ్చింది. "నీ పని నువ్వు చూసుకోవయ్యా" అన్నారు. అంజయ్య దిగి వచ్చి, "నా పని మొయ్యుడే సారూ. అందుకే చెప్తున్న" అన్నాడు. మా హార్మోనిస్టు వారం రోజులుగా రావడం లేదు. హార్మోనియం పెట్టె మూలన ఉంది. అంజయ్య దాని వైపు ఒకసారి చూసి, బయట పంపు దగ్గరికి వెళ్లి మోచేతుల దాకా రుద్ది రుద్ది కడుక్కుని, అంగీకి తుడుచుకుని వచ్చి కూర్చున్నాడు. ఊళ్లో బాగోతాలకు పెట్టె వాయించేవాడట. హార్మోనియం మెట్ల మీద ఆ పగిలిన వేళ్లు పడ్డాక అధ్యక్షులు గారు కూడా కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు.

ఆ బాణీ ఎలా పుట్టిందో నా కళ్లతో చూశాను. అందుకే 'కొందరి అభిప్రాయం' అన్న మాట నన్ను కాల్చింది. ఆయన మాకు వెంటనే బాణీ చెప్పలేదు. "అయితారం నారాయణగూడల స్లాబ్ పడుతది. పొద్దుగాల రాండ్రి. ఆడ చెప్త" అన్నాడు. నేనొక్కడినే వెళ్లాను. మూడంతస్తుల ఇల్లు. కింద సిమెంటూ ఇసుకా కంకరా వేసి మాల్ కలుపుతున్నారు. నేల నుంచి పైదాకా కొయ్య నిచ్చెన మీద మెట్టుకొకరు చొప్పున ఆడవాళ్లూ మగవాళ్లూ నిలబడ్డారు. నిండిన తట్ట చేతి నుంచి చేతికి పైకి పోతుంది, ఖాళీ తట్ట మరోవైపు నుంచి కిందికి వస్తుంది. ఎవరూ పాట పాడడం లేదు గాని, అందరి నోటా ఒక 'హూఁ' ఉంది. మూడు తట్టలకు మూడు. తర్వాత చిన్న ఆగుడు. మళ్లీ మూడు.

"గా ఆగుడెందుకో సమజైందా?" అన్నాడు అంజయ్య.

"అలిసిపోయి."

"అలిసేటోడు ఈడికెందుకొస్తడు సారూ! ఖాళీ తట్ట వచ్చేదాక చెయ్యి చాపి ఉండాలె. గప్పుడు చెయ్యి గుంజుకుంటే పక్కోళ్ల తట్ట జారుతది. వచ్చేదానికి జాగ ఇడువాలె."

అంతే. ఆ మూడు దెబ్బలు, ఆ ఆగుడు తీసుకొచ్చి పల్లకి పాటలో పెట్టాడు. అధ్యక్షులు గారి గంభీర రాగం మంచులా కరిగిపోయింది. బోయీల వేషం వేసిన నలుగురం ఆ పాటకు నడిస్తే మా భుజాలు వాటంతట అవే కుంగేవి. పల్లకిలో కూర్చున్న పాత్రధారి, "నేనంత బరువున్నానా?" అని నిజంగానే అడిగాడొకరోజు.

నన్ను మనిషిని చేయడానికి ఆయన చాలా తంటాలు పడ్డాడు. నాకు గొంతుందని గర్వం. ప్రతి పాదం చివర ఒక మెలిక వేసి హాలు వైపు చూసేవాణ్ని. ఒకరోజు పెట్టె ఆపి, "సారూ, నువ్వు పాట మోస్తున్నవా, పాట మీదెక్కి కూసున్నవా?" అన్నాడు. తోటి నటులు పొట్టలు పట్టుకుని నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. రిహార్సల్ అయ్యాక ఆయనే నా దగ్గరకు వచ్చి కూర్చున్నాడు. "స్లాబ్ నడుమ ఆగొద్దు. ఆగితే ఆ అతుకు కాడ జిందగీ మొత్తం కురుస్తది. పాట కూడ గంతే. నువ్వు నడుమల నిన్ను చూపెట్టనీకి ఆగుతున్నవ్. ఆగాల్సిన కాడ ఆగుతలేవ్" అన్నాడు. ఆ ఒక్క మాటతో నేను పాడటం నేర్చుకున్నాను. ఆఫీసులో ఫైలు రాసినా, ఇంట్లో ఎవరితోనైనా మాట్లాడినా, ఎదుటివాడికి చోటు వదలాలన్న ఎరుక నాకు ఆయన దగ్గరే మొదలైంది. ఆ ఎరుక ఉండి కూడా నేను చేసిన పని వినండి.

నాటకం పోటీకి పంపాలని నిర్ణయించాం. ఉత్తమ సంగీతానికీ ఉత్తమ గాయకుడికీ వేర్వేరు బహుమతులు. కరపత్రం ముసాయిదాలో 'సంగీతం: అంజయ్య, మేస్త్రి' అనే రాశాను. నిజం. అధ్యక్షులు గారు కళ్లజోడు సర్దుకుని చదివి, "మేస్త్రి సంగీతమా? న్యాయనిర్ణేతలు నవ్విపోతారయ్యా. పెద్ద పెద్ద విద్వాంసులు వస్తున్నారు" అన్నారు.

"పోనీ మేస్త్రి అన్నది తీసేద్దామండీ."

"అంజయ్య అంటే ఎవరని అడుగుతారు. ఏం చెబుతావు? 'సంప్రదాయ బాణీ' అని వెయ్యి. ఎవరూ అడగరు. బాణీ పాతదైతే పాడినవాడికే పేరు."

ఆ ఆఖరి మాట అంటూ ఆయన నా వైపు చూసి నవ్వారు. నన్ను ఎక్కడ పట్టుకోవాలో ఆయనకు తెలుసు. ఆయన చనిపోయి చాలా కాలమైంది. ఇన్నేళ్లూ తప్పు ఆయన మీద తోసేసి నిద్రపోయాను. చెప్పింది ఆయనే, నిజమే. కొట్టేసింది నేను. ఆ సాయంత్రమే ప్రెస్సుకు నడిచి వెళుతూ, దారి పొడవునా, బహుమతి పుచ్చుకుంటున్న నన్ను నేను ఊహించుకున్నాను.

ప్రదర్శన రోజు అంజయ్య ఉతికిన ధోవతి కట్టుకుని, కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. పదేళ్ల పిల్ల, భాగ్యమ్మ. మేకప్ గదిలో కరపత్రం తీసుకుని, వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివాడు. నేను అద్దంలోంచి చూస్తున్నాను. చివరిదాకా చదివి, మళ్లీ మొదటికి వచ్చాడు. తర్వాత నా వెనకకు వచ్చి నిలబడ్డాడు.

"సారూ, గీ సంప్రదాయం అనేటాయన ఎవలు? నేనెన్నడు చూడలే."

గదిలో ఒకరిద్దరు కిసుక్కుమన్నారు. "అంజన్నా, అది... పోటీ నియమాలు అట్లా ఉన్నాయి" అన్నాను. నియమాలు అలా లేవు. ఆయన అద్దంలో నా మొహం చాలాసేపు చూశాడు. వెళ్లి పంపు దగ్గర చేతులు కడుక్కున్నాడు. ఆ రోజు ఆయన చేతులకు సిమెంటు లేదు. అయినా కడుక్కున్నాడు. ఆ సాయంత్రం వాయించినంత బాగా ఆయన ఎప్పుడూ వాయించలేదు. మూడో పాదం తర్వాత హాలంతా ఊపిరి బిగబట్టింది. నాకు ఉత్తమ గాయకుడి బహుమతి వచ్చింది. ఒప్పుకున్న ఇంకో రెండు ప్రదర్శనలకూ వచ్చి వాయించాడు. ఆ తర్వాత రాలేదు. పిలవడానికి నేనూ వెళ్లలేదు.

ఆ తర్వాత చాలా ఏళ్లు పొద్దున్నే నారాయణగూడలో కూలీల అడ్డా మీదుగా స్కూటరు మీద ఆఫీసుకు పోయేవాణ్ని. కొన్ని రోజులు ఆయన అక్కడ నిలబడి కనిపించేవాడు, తాపీ సంచి కాళ్ల దగ్గర పెట్టుకుని. నేను బస్సు చాటు చేసుకుని దాటిపోయేవాణ్ని. ఒకసారి సిగ్నల్ పడింది, తప్పించుకోలేకపోయాను. ఆయనే దగ్గరకు వచ్చాడు. "సారూ, పాడుతున్నవా?" అన్నాడు. "టైము దొరకడం లేదు అంజన్నా" అన్నాను. "పాడాలె. మంచి గొంతు. ఖరాబ్ చేసుకోకు" అన్నాడు. క్షమించమని అడగడానికి ఆ సిగ్నల్ చాలు. పచ్చలైటు పడగానే వెళ్లిపోయాను. ఆయన పోయాడని తర్వాతెప్పుడో విన్నాను. బషీర్‌బాగ్ నుంచి ముషీరాబాద్ ఎంత దూరమని? వెళ్లలేదు.

సరిత ఆఫీసు నుంచి నేను వచ్చేసిన మర్నాడు భాగ్యమ్మను వెతుక్కుంటూ వెళ్లాను. బస్తీలో అడిగితే అశోక్‌నగర్‌లోనే, మా ఇంటికి రెండు వీధుల అవతల, ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తుందని చెప్పారు. ఇన్నాళ్లూ ఆమె పక్కనుంచే నడిచి ఉంటాను. వంటగది వెనక గుమ్మంలో కూర్చుని కొత్తిమీర ఏరుతోంది. నేనెవరో చెప్పాను. ఆమె గుర్తుపట్టింది, మొహం మారలేదు. జరిగిందంతా చెప్పాను. ఈసారి 'పొరపాటు పడింది' అనలేదు.

"గిప్పుడు ఎందుకొచ్చినవ్ సారూ?"

"పుస్తకంలో మీ నాయన పేరు రావాలి. సాక్ష్యం కావాలంటున్నారు. నేనే రాసిస్తున్నాను, కరపత్రం అబద్ధమని, అబద్ధం నాదని. నువ్వొకసారి చూడు" అని కాగితం ఇచ్చాను. రాత్రంతా రాసి, కొట్టేసి, మళ్లీ రాసిన ఉత్తరం. ఆమె చేయి కొంగుకు తుడుచుకుని, పైన గూట్లోంచి కళ్లద్దాలు తీసి చదివింది. ఆ పాట బాణీ కట్టింది 'హార్మోనియం విద్వాంసులు, కళాప్రపూర్ణులు శ్రీ అంజయ్య గారు' అని రాశాను.

"మంచిగనే రాసినవ్" అంది. "మా నాయన మేస్త్రి కదా. గది రాయలేదేంది?"

"గౌరవంగా ఉంటుందని..."

"ఎవలకు గౌరవం?"

ఆమె కొత్తిమీర పక్కకు నెట్టి నా వైపు తిరిగింది. "నాటకం అయినంక ఇంటికొచ్చి మా అమ్మతోని ఏమన్నడో తెల్సా? పేరెయ్యలేదని బాధ పడలే. 'మేస్త్రి అంటే వాళ్లకు సిగ్గయింది' అన్నడు. గిప్పుడు నీక్కూడ సిగ్గయితున్నది. గంతే కదా?"

కోపం ఆమె గొంతులో లేదు. అందుకే భరించలేకపోయాను. ఒప్పుకోలు ఉత్తరంలో కూడా నేను మళ్లీ అదే కత్తెర వాడాను. అప్పుడు పేరు తీసేశాను, ఇప్పుడు మనిషిని తీసేసి ఒక పండితుణ్ని కూర్చోబెట్టాను. నలభై ఏళ్లలో నేను మారింది ఇంతే. ఆ గుమ్మంలోనే ఆ వాక్యం కొట్టేసి, 'ముషీరాబాద్ బస్తీ నివాసి, మేస్త్రి అంజయ్య, స్లాబు పని నడకలోంచి ఈ బాణీ కట్టారు. కార్యదర్శిగా నేను ఆయన పేరు కావాలని తీసేసి బహుమతి పుచ్చుకున్నాను' అని రాశాను. ఆమె చదివి, కాగితం మడిచి నా చేతికిచ్చి, "పోయి ఇచ్చిరా సారూ, పిల్లలకు అన్నం టైమైతున్నది" అంది.

సరిత ఆ ఉత్తరం రెండుసార్లు చదివింది. రెండోసారి చదివాక నా మొహం చూడడానికి ఇబ్బంది పడింది. సాయంత్రం ఫోను చేసింది. "సార్, పేరు వేస్తున్నం. కాని 'మేస్త్రి' అవసరమంటరా? పుస్తకంల తక్కినోళ్లెవరికి వృత్తి వెయ్యలే. ఒక్కరికే వేస్తే బాగుండదేమో."

"తక్కిన వాళ్ల పేర్లు వాళ్ల వృత్తి చూసి ఎవరూ కొట్టెయ్యలేదమ్మా" అన్నాను. నా గొంతు మళ్లీ లేచింది. ఈసారి ఆ కోపానికి నేను సిగ్గుపడలేదు. "అది తీసేస్తే నా ఉత్తరం వెనక్కివ్వండి. నా ఫొటో కూడా." అవతల కాగితం తిప్పిన చప్పుడు. "వేస్తం సార్. 'బాణీ: అంజయ్య, మేస్త్రి.' సరేనా?" అంది. "మీ ఫొటో కూడ ఉంచమంటరా?" అని అడిగింది. నా ఫొటో అక్కర్లేదన్నాను. ఆయన ఫొటో భాగ్యమ్మ దగ్గర కూడా లేదు. ఆ పేజీలో ఫొటో ఉండాల్సిన చోటు ఖాళీగానే వచ్చింది.

మా కాలనీలో పెళ్లికైనా సభకైనా ఆహ్వాన పత్రిక రాయాలంటే ఇప్పటికీ నా దగ్గరికే వస్తారు. పేర్లు రాసే చోటు రాగానే కలం పక్కన పెట్టి, "ఇంకా ఎవరెవరు పని చేస్తున్నారు?" అని అడుగుతాను. వంట ఎవరిది, షామియానా ఎవరు వేస్తున్నారు, మైకు ఎవరు పెడుతున్నారు అని అడుగుతాను. "వాళ్ల పేర్లెందుకు సార్, కార్డుల జాగ సరిపోదు" అని నవ్వుతారు. నేను నవ్వను. పేరు చెప్పేదాకా కలం ఎత్తను.